గుమ్మం పక్కన పడక: 'ఫోర్ హండ్రెడ్ బ్లోస్' చూసిన రాత్రి

పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలో, గోడకు మేకులు కొట్టి కట్టిన తెల్ల దుప్పటి మీద, స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చిన ప్రొజెక్టరుతో ఒక శనివారం రాత్రి మేము చూసిన సినిమా గురించి రాస్తున్నాను. 1959లో వచ్చిన ఫ్రెంచి చిత్రమది. నలుపు తెలుపులలో ఉంటుంది, నిడివి 99 నిమిషాలు. దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫో. చూసినవాళ్ళం నలుగురం: నేను, డెబ్బై దాటిన మా అమ్మ, పదమూడేళ్ళ మా అబ్బాయి, వాడి వెంట వచ్చి మాతోనే భోజనం చేసి ఉండిపోయిన వాడి స్నేహితుడు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళను అమ్మ కోసం నేను తెలుగులో చదివి చెబుతూ ఉంటే, ఆ స్నేహితుడికి అర్థం కాని చోట్ల మా అబ్బాయి ఒడియాలో చెబుతూ వచ్చాడు. ఇంట్లో ఒక భాష, బళ్ళో మరొక భాష, కాగితం మీద మూడో భాష అలవాటైన సరిహద్దు ఊరివాళ్ళకు ఫ్రెంచి సినిమా చూడడం అంత కొత్త కష్టమేమీ కాదు.

ముందుగా పేరు సంగతి చెప్పాలి. ఫ్రెంచి పేరును మాటకు మాటగా ఇంగ్లీషులోకి మార్చినవారు 'నాలుగు వందల దెబ్బలు' అన్న అర్థం వచ్చేలా చేసి వదిలేశారు. నిజానికి అది ఫ్రెంచివారి జాతీయం. అన్ని రకాల అల్లరీ చేసి, ఊరూ ఇల్లూ ఏకం చేసే పిల్లవాణ్ణి గురించి చెప్పేటప్పుడు వాడతారు. మనం 'నానా ఆగం చేస్తున్నాడు' అంటామే, దాదాపు అదే. పేరు విని మా అబ్బాయి యుద్ధం సినిమా అనుకున్నాడు. లెక్కపెట్టి చూస్తే ఈ చిత్రంలో ఆ పిల్లవాడికి తగిలే చెంపదెబ్బలు ఒక చేతి వేళ్ళకు మించవు.

కథానాయకుడు ఆంత్వాన్ ద్వానెల్ అనే గుంటడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ 'బాలుడు' అని రాయడానికి చెయ్యి రాలేదు. మా వైపు మాటే ఇక్కడ సరిపోతుంది. ఆంత్వాన్ పారిస్‌లో ఒక ఇరుకు వాటాలో తల్లితోనూ, తనకు ఇంటిపేరు ఇచ్చిన మారుతండ్రితోనూ ఉంటాడు. తల్లికి ఉద్యోగం, దానితో పాటు ఇంకొకరితో స్నేహం. మారుతండ్రి సరదా మనిషే, కానీ ఆ సరదా ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు; నవ్విస్తూ నవ్విస్తూనే తన పుస్తకం ఏమైందని గద్దిస్తాడు. బడి ఎగ్గొట్టడం, ఒక అబద్ధం, దాన్ని కప్పడానికి మరో పెద్ద అబద్ధం, ఇంటి నుంచి పారిపోవడం, మారుతండ్రి పనిచేసే ఆఫీసులో టైపు మిషను దొంగతనం, పోలీసు ఠాణా, పిల్లల దిద్దుబాటు కేంద్రం, కథ ఇంతే. ఇంత మాత్రం కథ మన దగ్గర వారపత్రికల్లోనూ బోలెడు వచ్చింది. దీన్ని అరవై ఏళ్ళు దాటినా నిలబెట్టినది కథ కాదు, ఆ ఇంటి కొలతలు.

ఆంత్వాన్ పడక ఎక్కడ ఉందో చూడండి. గది లేదు, వీధి తలుపు తెరవగానే ఉండే నడవలో, ఆ తలుపు పక్కనే, ఒక మంచం వేసి, దుప్పటిసంచీలో దూరి పడుకుంటాడు. రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చిన తల్లి లోపలికి పోవాలంటే వాడిని దాటుకుంటూ పోవాలి. పిల్లవాడు కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తాడు. ఆ తరువాత గోడ అవతల నుంచి మొగుడూ పెళ్ళాల గొడవ వినిపిస్తుంది. అందులో తన పేరూ వస్తుంది. తల్లి చెడ్డదని గాని, పిల్లవాడు దిక్కులేనివాడని గాని దర్శకుడు ఎక్కడా ప్రకటించడు. దాటుకుంటూ పోతున్న ఆ కాళ్ళను మాత్రం చూపిస్తాడు. చెత్తబుట్ట కూడా అంతే. ముగ్గురూ ముక్కు మూసుకునే ఆ వాసన బుట్టను మెట్లు దిగి కింద పారబోసి రావడం వాడి వంతు. ఇంట్లో పోట్లాట జరిగిన రోజూ అదే పని. ముగ్గురూ కలిసి సినిమాకు వెళ్ళి నవ్వుకుంటూ తిరిగి వచ్చిన ఒకే ఒక్క మంచి రాత్రి కూడా అదే పని.

ఇక్కడ మా అమ్మ మాట తప్పకుండా రాయాలి. మా నాన్నగారు నౌపడ నుంచి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న రైలు మార్గంలో పనిచేశారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద, 1900 నుంచి నడిచిన బండి అది. క్వార్టర్లో రెండు గదులు. మేము నలుగురు పిల్లలం, పైన తాతగారు. ఆ నడవ పడకను చూడగానే అమ్మ అంది: "మీ అన్న అలాగే పడుకునీవోడురా, తలుపు కాడ. రాత్రి బండి దిగి మీ నాన్న వస్తే ఆడి కాళ్ళు తొక్కీసీవోరు." కాసేపాగి మళ్ళీ, "అయితే మాకు ఇరుకు అనిపించీది కాదు" అంది. ఈ రెండు ముక్కల మధ్య ఉన్న తేడాయే ఈ సినిమా అని నాకనిపించింది. చోటు చాలకపోవడం వేరు, తన కోసం ఎవరూ సర్దుకుని చోటివ్వకపోవడం వేరు. ఆంత్వాన్ బాధ రెండోది. అయితే దర్శకుడు రెండో బాధను చెప్పడానికి మాటలు వాడకుండా మొదటిదాన్ని వాడుకున్నాడు.

బడి ఘట్టాలు సరదాగా మొదలై సరదాగా మిగలవు. ఒక అర్ధనగ్న చిత్రం ఉన్న క్యాలెండరు కాగితం బల్లల మీదుగా చేతులు మారుతూ వచ్చి, సరిగ్గా ఆంత్వాన్ చేతిలో ఉండగా మాస్టారి కంట పడుతుంది. శిక్షగా మూల నిలబెడితే అక్కడ గోడ మీద పద్యం రాస్తాడు. దానికి మరో శిక్ష. మర్నాడు బడి ఎగ్గొట్టి మిత్రుడు రెనేతో తిరుగుతూ, తల్లి మరొక మగవాడితో వీధిలో ఉండడం చూస్తాడు. తల్లీ వీడిని చూస్తుంది. ఇద్దరూ ఆ సంగతి ఇంట్లో ఎత్తరు. ఆ మౌనం బరువు వల్లనే కాబోలు, ఆ మర్నాడు బడికి ఎందుకు రాలేదని మాస్టారు నిలదీస్తే వాడి నోట్లోంచి వచ్చే సాకు ఇది: మా అమ్మ చనిపోయింది. ఆ మాట అనేముందు ఆంత్వాన్ వేషం వేసిన లెయో ముఖంలో కనిపించే తటపటాయింపును నేను వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను. అబద్ధం ఆడదామని వచ్చిన పిల్లవాడు కాదు వాడు. గోడకు నెట్టి అడిగితే చేతికి దొరికిన అతిపెద్ద రాయిని విసిరినవాడు. కాసేపటికే బతికి ఉన్న తల్లి, పక్కన మారుతండ్రి, తరగతి గుమ్మంలో ప్రత్యక్షమవుతారు.

అక్కడి నుంచి ప్రతిదీ తిరగబడుతుంది. తన గుట్టు బయటపడిందని భయపడ్డ తల్లి హఠాత్తుగా ప్రేమగా మారి, స్నానం చేయించి, తన పక్కలో పడుకోబెట్టి, వ్యాసరచనలో మంచి స్థానం తెచ్చుకుంటే డబ్బు ఇస్తానంటుంది. వాడు బాల్జాక్ నవల చదివి పరవశించి, ఆ రచయిత బొమ్మకు చిన్న గూడు కట్టి కొవ్వొత్తి వెలిగిస్తాడు. తెర అంటుకుని ఇల్లు కాలబోతుంది. సొంత అనుభవంలోని ముఖ్యమైన సంఘటన మీద వ్యాసం రాయమంటే తాతగారి మరణం ఎంచుకుంటాడు, తలలో ఉన్న బాల్జాక్ వాక్యాలే కాగితం మీదికి వస్తాయి. మాస్టారు కాపీ అని సున్నా వేస్తారు. పుస్తకాన్ని ఇంతగా ప్రేమించి దెబ్బ తిన్న పిల్లవాణ్ణి నేను తెర మీద ఇంకెక్కడా చూడలేదు. కాపీకీ, ఇష్టంతో కంఠతా వచ్చినదానికీ తేడా తెలిసిన ఉపాధ్యాయుడు ఒక్కరు దొరికి ఉంటే ఈ సినిమా అరగంటలో అయిపోయేది.

ఇది త్రూఫో సొంత బాల్యమే, అయితే కొంత మార్చి చెప్పినది. ఆయన 1932లో పారిస్‌లో పుట్టారు. కన్నతండ్రి ఎవరో ఆయనకు చాలాకాలం తెలియదు. తల్లిని పెళ్ళాడిన రోలాన్ త్రూఫో తన ఇంటిపేరు ఇచ్చారు. చిన్నతనం చాలావరకు అమ్మమ్మ దగ్గర గడిచింది. కుర్రవాడిగా ఉండగానే ఫిల్మ్ క్లబ్బు పెట్టి అప్పుల పాలయ్యారు. మారుతండ్రి ఆఫీసు నుంచి టైపు మిషను దొంగిలించారు. ఆ మారుతండ్రే పోలీసులకు అప్పగించగా పారిస్ పొలిమేరలోని విల్‌జ్యూయిఫ్ కేంద్రంలో ఉన్నారు. ఆయనను చేరదీసి నిలబెట్టినవారు సినీ విమర్శకుడు ఆంద్రే బాజాన్. ఈ సినిమా చిత్రీకరణ 1958 నవంబరులో మొదలైన మర్నాడే బాజాన్ కన్నుమూశారు. చిత్రం ఆయనకే అంకితం. 1958లో కాన్ చలనచిత్రోత్సవానికి విమర్శకుడిగా రానివ్వని త్రూఫోకు 1959లో అదే ఉత్సవం ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చింది. ఇంట్లో మాత్రం బహుమతి రాలేదు. తల్లిదండ్రులు ఈ చిత్రం చూసి బాగా నొచ్చుకున్నారు.

మార్చి చెప్పాడన్నానే, అక్కడే ఆయన కళ ఉంది. యుద్ధకాలంలో గడిచిన తన చిన్నతనాన్ని 1950ల చివరి పారిస్ వీధుల్లోకి జరిపారు. దాంతో జర్మన్ల ఆక్రమణ, రేషను, సైనికులు అన్నీ తప్పుకుని ఇల్లూ బడీ మాత్రమే మిగిలాయి. యుద్ధం ఉంటే నేరం దాని మీదికి పోయేది, ఇంటివాళ్ళు సులువుగా బయటపడేవారు. స్వీయచరిత్రలో సొంత కష్టాలను తగ్గించి చెప్పేవారు అరుదు. త్రూఫో ఒక పెద్ద కష్టాన్ని పక్కన పెట్టి, చిన్నదాని మీద దీపం పెట్టారు.

ఆంత్వాన్ వేషం వేసిన జాన్ పియేర్ లెయోకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఈ పిల్లవాడు పాత్రను పూర్తిగా తనది చేసుకున్నాడనడానికి ఒక్క ఘట్టం చాలు: దిద్దుబాటు కేంద్రంలో మానసిక వైద్యురాలు ప్రశ్నలు అడిగే ఘట్టం. ఆమె గొంతు వినిపిస్తుందే తప్ప మనిషి కనిపించదు. కెమెరా ఒకే చోట ఉంటుంది. ఒక జవాబు ముగిసి మరో జవాబులోకి దృశ్యం కరిగిపోతుంటుంది. ఆంత్వాన్ బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ, చొక్కా అంచు లాగుతూ, మధ్యలో సిగ్గుపడి నవ్వుతూ చెబుతాడు: తాను పుట్టకూడదని తల్లి అనుకుందనీ, అమ్మమ్మ పట్టుబట్టడం వల్లనే పుట్టాననీ. అబద్ధాలు ఎందుకు చెబుతావంటే, నిజం చెప్పినా నమ్మరు కనుక అబద్ధమే నయమని జవాబిస్తాడు. చాలా భాగం ముందే రాసిపెట్టిన సంభాషణ కాదు. కుర్రవాడు అప్పటికప్పుడు తన మాటల్లో చెప్పినదే. ఆ నాలుగు నిమిషాలూ మా గదిలో ఎవరూ కదల్లేదు. నేను అనువాదం ఆపేశాను, అమ్మ అడగలేదు.

అడ్డదారి పట్టినా ఒక సంగతి చెప్పనివ్వండి. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష ఎగ్గొట్టి నేనూ మా పక్కింటి కుర్రాడూ చిన్న బండి ఎక్కి సముద్రం చూడ్డానికి బయల్దేరాం. నౌపడలో దిగితే ఎదురుగా తెల్లగా మెరుస్తూ కనిపించినవి ఉప్పు మళ్ళు. అదే సముద్రం కాబోలు అనుకుని గట్ల మీద గంటసేపు నడిచాం. సాయంత్రం బండికి తిరిగి వస్తే ప్లాట్‌ఫారం మీద నాన్నగారు నిలబడి ఉన్నారు. రైల్వే ఉద్యోగి కొడుకు రైల్లో పారిపోతే కబురు ముందే చేరుతుందన్న జ్ఞానం మాకు లేకపోయింది. ఆయన ఏమీ అనలేదు. అంగట్లో బజ్జీలు కొనిపెట్టి, ఇంటికొచ్చాక ఉతికారు. ఆంత్వాన్‌కు ఆ బజ్జీలు లేవు.

పనితనం గురించి రెండు మాటలు. ఛాయాగ్రాహకుడు ఆన్రీ దెకాయె వెడల్పాటి తెర కోసం తీసిన ఈ చిత్రంలో పారిస్ వీధులకు ఎక్కడ లేని గాలి వస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపు ఆ వెడల్పే గోడలను ఇంకా దగ్గరికి లాగుతుంది. వ్యాయామం మాస్టారు ఈల ఊదుతూ ముందు పరుగెత్తుతుంటే, వెనకాల వరుసలోని పిల్లలు ఇద్దరిద్దరుగా జారుకోవడాన్ని మేడ మీద నుంచి చూపించే షాటుకు మా పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. తోలుబొమ్మలాట చూసే పసివాళ్ళ ముఖాలను దర్శకుడు చాలాసేపు చూపిస్తాడు. నోళ్ళు తెరిచి, భయపడి, పక్కవాణ్ణి పట్టుకుని చూసే ఆ ముఖాల వెనక ఆంత్వాన్, రెనే కూర్చుని దొంగతనం గురించి మాట్లాడుకుంటుంటారు. ఇంత పక్కపక్కన పెట్టి, ఒక్క మాటైనా వ్యాఖ్యానించకపోవడం గొప్ప నిగ్రహం. రాత్రిపూట పోలీసు బండి కటకటాల వెనక నుంచి, దీపాలు వెలిగే వీధులను చూస్తూ వాడి చెంప మీద ఒక్క మెరుపులా కనిపించే కన్నీరు కూడా అంతే. అరిచి ఏడ్చే పిల్లలకు అలవాటుపడ్డ మన కళ్ళకు అది దాటిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ చోట ఫోను పక్కన పెట్టి చూడమంటాను.

లోపాలు లేవని చెప్పను. బడి మాస్టారు దాదాపు బొమ్మలా తయారయ్యాడు. కేకలు తప్ప ఆయనకు మరో స్వరం లేదు, అంచేత ఆయన మీద కోపం తొందరగా అరిగిపోతుంది. సంగీతం మొదటిసారి హాయిగానే ఉంటుంది, కానీ అదే వరస మళ్ళీ మళ్ళీ రావడంతో కొన్ని ఘట్టాలకు అనవసరపు తీపి అంటింది. అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం తల్లి గురించి. క్లేర్ మోరియే చాలా బాగా నటించారు, ముఖ్యంగా దిద్దుబాటు కేంద్రానికి వచ్చి ఇక నిన్ను ఇంటికి తీసుకెళ్ళం, ఏదైనా పని నేర్చుకో అని చెప్పి వెళ్ళే ఘట్టంలో. అయితే ఆవిడ వైపు నుంచి కథ ఎన్నడూ ఒక అడుగు వేయదు. మా అమ్మ ఆ ఘట్టం తరువాత, "ఆవిడికి మాత్రం ఎవరున్నారు? చిన్నప్పుడే మెడకు తగిలించుకుంది" అంది. కన్నతల్లి మీద కోపం చల్లారని కొడుకు తీసిన చిత్రం కనుక ఇది ఇలాగే ఉంటుందని సర్దుకోవచ్చు. కానీ కొడుకు ఆ వేదికను తనకే దాచుకున్నాడన్న లోటు మాత్రం ఉంది. మారుతండ్రిగా వేసిన ఆల్బేర్ రెమీకి దక్కిన జాలిలో సగమైనా ఆవిడకు దక్కవలసింది.

ఇక చూసే పద్ధతి. నా దగ్గర ఉన్న ప్రతిలో తెలుగుగాని, ఒడియాగాని సబ్‌టైటిళ్ళు లేవు. ఇంగ్లీషు అక్షరాలు తెల్లవి, కాబట్టి నోటు పుస్తకాల మీదా, తెల్ల చొక్కాల మీదా పడినప్పుడు సగం అక్షరాలు మాయమవుతాయి. గోడ మీద తెల్ల దుప్పటి కట్టి చూసేవాళ్ళకు ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ; లేత బూడిద రంగు దుప్పటైతే నయం. సిగరెట్లు తాగే పిల్లలు, తల్లి పరాయి స్నేహం, దొంగతనం, వేశ్య గురించి ఒక ప్రస్తావన ఇందులో ఉన్నాయి కనుక పదేళ్ళలోపు వాళ్ళకు వద్దు. పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళతో కలిసి చూడవచ్చు, చూడాలి కూడా. కానీ చూశాక వాళ్ళను ఏం నేర్చుకున్నావని అడగకూడదు. ఇదే ఆంత్వాన్‌తో త్రూఫో తరువాత ఒక పొట్టి చిత్రమూ మూడు పూర్తి నిడివి చిత్రాలూ తీశారు. చివరిది 1979లో వచ్చింది, అన్నిటిలోనూ లెయోనే పెరుగుతూ వచ్చాడు. అవి సరదాగా ఉంటాయి. దీని పక్కన నిలబడవు.

చివరి ఘట్టం చెబితే చిత్రం చెడిపోతుందనుకోను, ఎందుకంటే అందులో సంఘటనంటూ ఏదీ లేదు. ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ కంచె కింద నుంచి దూరి పారిపోయిన ఆంత్వాన్ పొలాల పక్కన, చెట్ల పక్కన పరుగెత్తుతూనే ఉంటాడు. కెమెరా పక్కనే పరుగెడుతుంది, ఒక నిమిషం దాటినా షాటు తెగదు, అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. నార్మండీ తీరంలో సముద్రం వస్తుంది. ఎన్నడూ చూడని సముద్రంలోకి బూట్లతోనే నాలుగడుగులు వేసి, ఇక ముందుకు దారి లేక, మన వైపు తిరుగుతాడు. బొమ్మ అక్కడే గడ్డకట్టి, ముఖం మీదికి కెమెరా దూకి ఆగిపోతుంది.

మా అబ్బాయి ప్రొజెక్టరు హ్యాంగ్ అయిందనుకుని లేచి వైరు కదిపాడు. వాడి స్నేహితుడు రిమోటు నొక్కి చూశాడు. కాసేపటికి ఆ ముఖం మీద 'సమాప్తం' అనే అర్థం గల ఫ్రెంచి మాట పడితే గాని ఇద్దరూ కూర్చోలేదు. అమ్మ మాత్రం దుప్పటి వైపే చూస్తూ అడిగింది: "మరి ఆ గుంటడికి రాత్రికి అన్నం ఎవరెడతార్రా?"